ఖాళీ సీట్ల పూచీ

వినోద పుట్టిన ఊరు శామీర్‌పేటకు దగ్గర, కరీంనగర్ రోడ్డును ఆనుకొని ఉంటుంది. అక్కడివాళ్లు బస్సు గురించి విడిగా ఆలోచించరు. రోడ్డు మీదికి వచ్చి నిలబడితే సిద్దిపేటదో కరీంనగర్‌దో ఏదో ఒక బండి వస్తుంది. ఒకటి ఆగకపోతే వెనకది ఆగుతుంది. 1993లో ఆమెను రావల్కోల్ అవతలి సుంకరిగూడకు ఇచ్చినప్పుడు, పెళ్లిమాటల్లో పొలం గురించి అడిగారు, బావిలో నీళ్ల గురించి అడిగారు, కాబోయే అత్త నోటి గురించి కూడా చాటుగా విచారించారు. ఊరికి బస్సు ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఉందనే జవాబు వచ్చేది. అప్పట్లో సాయంత్రం ఒక బస్సు వచ్చి, రాత్రికి ఊళ్లోనే ఆగి, తెల్లవారి మేడ్చల్‌కు తిరిగిపోయేది.

నాలుగైదేళ్ల తరువాత ఒక వానాకాలం, ఊరి ముందు వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. రోడ్డు బాగయ్యేదాకా అని బస్సు ఆపారు. కల్వర్టు మళ్లీ లేచేసరికి రెండు వానాకాలాలు గడిచిపోయాయి. ఆలోగా సెవెన్ సీటర్ ఆటోలు వచ్చి ఊరికి అలవాటైపోయాయి. బస్సు లేదు కాబట్టి జనం ఆటో ఎక్కారు. జనం ఆటో ఎక్కుతున్నారు కాబట్టి ఇక బస్సు అక్కరలేదని తేలిపోయింది.

సెవెన్ సీటర్‌కు సమయం అంటూ ఉండదు, నిండడం ఉంటుంది. పేరుకు ఏడుగురు. డ్రైవరుకు చెరో పక్కా ఒకరు ఒరిగి కూర్చొని, వెనక మరో ముగ్గురు కాళ్లు బయటికి వేలాడదీస్తే గానీ అది నిండినట్టు కాదు. మొదట ఎక్కినవాళ్లు చివర ఎక్కబోయేవాళ్ల కోసం కూర్చోవాలి. వినోద 2000లో మేడ్చల్ పారిశ్రామికవాడలో మందుల సీసాలను డబ్బాలకెత్తే ఒక కంపెనీలో చేరాక, ఈ కూర్చోవడమే ఆమె ఉదయాల్లో అన్నిటికంటే బరువైన పని అయింది. భర్త రాఘవేందర్ మేస్త్రీ. కొంపల్లి వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న రోజులవి. అతను తెల్లవారకముందే మోపెడ్ మీద కూలీని వెనక ఎక్కించుకొని, పనిముట్ల సంచీ ముందు పెట్టుకొని వెళ్లిపోయేవాడు. ఆ మోపెడ్ మీద ఆమెకు చోటు ఉండేది కాదు. ఆమె వంట ముగించి, అత్త సుక్కమ్మకు అన్నం మూతపెట్టి, కొడుకును బడికి తయారుచేసి, రచ్చకాడికి వచ్చి ఖాళీ ఆటోలో కూర్చునేది. అందులో మొదట కూర్చున్న మనిషికి దిగిపోవడానికి వీలుండదు. దిగితే ఆ సీటు పోతుంది, తరువాతి ఆటో కూడా మళ్లీ ఖాళీగానే మొదలవుతుంది. నడిచి పోదామంటే అత్వెల్లి దగ్గరి పెద్ద రోడ్డు చేరేసరికే కంపెనీ గేటు పడిపోతుంది. అందుకని ఆమె ముందుకూ పోలేక, వెనక్కూ రాలేక, వచ్చే పోయే మనుషుల ముఖాలు చూస్తూ కూర్చునేది. ఈమె ఎక్కుతుందా, ఎక్కదా? ఆయన మేడ్చల్‌కు పోతున్నాడా, చేనుకు పోతున్నాడా?

కంపెనీ గేటు ఎనిమిదిన్నరకు మూసేవారు. ఆలస్యమైతే పోయేది ఆ రోజు కూలి ఒక్కటే కాదు. ఒకే నెలలో మూడుసార్లు గేటు పడినవాళ్లను పనిలోంచి తీసేసేవారు. అలా పేరు పోకుండా మూడేళ్లు నిలిచినవాళ్లను పర్మనెంట్ చేస్తామని కంపెనీవాళ్లు చెప్పారు. పర్మనెంట్ అయితే ఇంట్లోవాళ్లందరికీ వైద్యం దొరికే ఈఎస్ఐ కార్డు వస్తుంది. వినోద కొడుక్కి ఉబ్బసం ఉంది. చలి మొదలైతే పిల్లవాడు పడుకోలేక, గోడకు ఆనుకొని కూర్చొని ఊపిరి లాగేవాడు. ఆమెకు ఆ కార్డు కావాలి. ఆ రోజుల గురించి తరువాతెప్పుడో ఆమె చెబుతుంటే రాసుకున్న నాకు మరో కోరిక ఎక్కడా వినిపించలేదు.

2001లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సుంకరిగూడ సర్పంచ్ పదవి వెనుకబడిన కులాల మహిళకు రిజర్వు అయింది. అంతకుముందు సర్పంచ్‌గా ఉన్న సత్తయ్య, రాఘవేందర్‌కు పెదనాయిన. కుర్చీ ఇల్లు దాటకూడదని ఆయన తన వాళ్లలోనే వెతికాడు. పదో తరగతి చదివిన కోడలు వినోద ఒక్కతే. అయితే ఆయన ఎంపికకు చదువు అసలు కారణం కాదు. ఆ కారణాన్ని ఆయన దాచుకోనూ లేదు. ‘ఊళ్లె ఉండే ఆడామె అయితే దినాం పంచాయతీకి వచ్చి కూసుంటది. ఈమె అయితే ఐతారం ఒక్కనాడే,’ అని నలుగురిలో నవ్వాడు. రాఘవేందర్ కూడా నవ్వాడు. వినోద గెలిచింది.

గెలిచిన తరువాత ఆమె మొదట చేసిన పని ఒక ఆదివారం ప్యాకింగు ఓవర్‌టైము మానుకొని బస్సు డిపోకు వెళ్లడం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడట. ఉన్న బస్సులు ఉన్న దారులకే చాలడం లేదని, డీజిలు ఖర్చు కూడా తిరిగి రాని ఊరికి బండి వేస్తే తన మీద ప్రశ్నలు వస్తాయని చెప్పి, టీ ఇప్పించి పంపాడు. పంచాయతీకి సొంత బండి కొంటే ఎట్లా ఉంటుందని ఆమె కార్యదర్శిని అడిగింది. ఊరికి వచ్చేవి ఇంటి పన్ను, చింతచెట్ల వేలం, కొత్తగా పొలాల్లో ప్లాట్లు వేస్తున్నవాళ్లు కట్టే లేఅవుట్ రుసుము. ఇవన్నీ కలిపితే బస్సు టైర్లు వస్తాయని, బస్సు రావడానికి మరో ఇరవై ఏళ్లు ఆగాలని కార్యదర్శి చెప్పాడు. అతను పరిహాసమాడలేదు, ఉన్నమాటే చెప్పాడు.

దారి మరోచోట దొరికింది. ఊళ్లో ధర్మేందర్ అనే యువకుడు ఫైనాన్సు మీద ఒక ట్రాక్స్ జీపు కొని కిరాయికి తిప్పుతున్నాడు. వరసకు మరిది. ఒక సాయంత్రం మేడ్చల్‌లో ఆ జీపులో నలుగురు ఎక్కి కూర్చున్నారు. చీకటి పడుతున్నా బండి కదలలేదు.

“నడువరాదు ధర్మేందర్, ఇంటికాడ పిల్లగాడు ఎదురుచూస్తాండు,” అన్నది వినోద.

“ఎట్ల నడువాలె వదినా? నలుగురిని ఏసుకొని పోతే డీజిల్ ఎవలు పోస్తరు, నువ్వు పోస్తవా?”

“తక్కువైన సీట్లకు ఎవలన్న ఇస్తే పోతవా?”

“ఇస్తే ఒట్టి బండి గూడ పోతది. నాకేమన్న మనుషుల మీద మోజా?”

జీపులో ఉన్నవాళ్లు నవ్వారు. వినోద నవ్వలేదు. దారి పొడుగునా ఆమె ఆ జవాబునే తిప్పి తిప్పి చూసుకుంది. ఊరు బండిని కొననక్కరలేదు, నడపనూ అక్కరలేదు. ఎట్లాగూ నడుస్తున్న బండిని చెప్పిన వేళకు కదిలించగలిగితే చాలు. అందుకు అయ్యే ఖర్చు బండి ఖర్చు కాదు, నిండని సీట్ల ఖర్చు మాత్రమే. వేళకు కదులుతుందన్న నమ్మకం కుదిరితే జనం ఆ వేళకే వస్తారు. జనం వచ్చేకొద్దీ నిండని సీట్లు తగ్గుతాయి. పంచాయతీ మోయవలసింది మొదటి కొన్ని నెలల బరువు మాత్రమే.

రవాణా కోసం పంచాయతీ డబ్బు వాడవచ్చా అన్న అనుమానాన్ని కార్యదర్శి మండలం ఆఫీసులో తీర్చుకొని వచ్చాడు. లేఅవుట్ రుసుములోంచి కొంత పక్కన పెట్టారు. ఉదయం ఏడున్నరకు రచ్చకాడి నుంచి, సాయంత్రం ఆరున్నరకు మేడ్చల్ నుంచి ధర్మేందర్ జీపు నిండినా నిండకపోయినా కదలాలి, ఖాళీ సీట్లకు పంచాయతీ పూచీ పడుతుంది అని తీర్మానం రాశారు. ఖాళీలు ఎన్నో ఆ రోజు జీపులో ఉన్నవాళ్లే చెప్పాలి. అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లు కాబట్టి ఇంకో సాక్ష్యం అక్కరలేదనుకున్నారు. సత్తయ్య తీర్మానాన్ని అడ్డుకోలేదు గానీ, ‘గాలికి కిరాయి కట్టే ఊరు గీ మండలంల మనదే మొదటిది,’ అన్నాడు. ఆ మాట చాలాకాలం ఊళ్లో తిరిగింది.

2002 దసరా వెళ్లాక జీపు మొదలైంది. తొలినాళ్లలో సగం ఖాళీగా, చెప్పిన వేళకే కదిలింది. ఆ తరువాత జరిగినదాన్ని ఎవరూ ముందుగా ఊహించలేదు.

సుంకరిగూడలో, వస్తున్న మనిషిని చూసి కూడా ఆగకుండా పోవడానికి ఒక పేరుంది. ‘చూసి గూడ పోయిండు’ అంటారు. ఆ మాట పడ్డవాడు పొగరుబోతు, పగవాడు. ఆ ఒక్క మాట మీద రెండిళ్ల మధ్య పలకరింపులు ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. సెవెన్ సీటర్ల కాలంలో ఈ మర్యాదకు పరీక్ష రాలేదు, ఎందుకంటే అవి ఎట్లాగూ ఆగే ఉండేవి. ఇప్పుడు బండి కదలవలసి వచ్చింది. పైగా అది ఊరి బండి. ఆటో డ్రైవరును ఆపమని అడగడానికి మొహమాటపడే మనిషి కూడా జీపును ఆపడానికి మొహమాటపడలేదు. పంచాయతీ పూచీ పడిన బండిలో తనకూ పాలు ఉంది కదా. ఒకరి టమాటా బుట్ట ఇంకా గల్లీలోనే ఉంది. ఒకరి బిడ్డ జడ అల్లుకుంటోంది. ఒకాయన పాలక్యానుకు మూత దొరకడం లేదు. సత్తయ్య రచ్చకాడి చాయ్ హోటలు ముందు సగం గ్లాసుతో నిలబడి, ‘తాగేసి వస్తున్న, నడువకు,’ అనేవాడు. జీపులో కూర్చున్నవాళ్లు కూడా తొందరపెట్టేవారు కాదు. తమ కోసం నిన్న ఎవరో ఆగారు, ఈ రోజు తాము ఆగుతున్నారు. విడివిడిగా చూస్తే ఎవరిలోనూ తప్పు కనిపించదు. ప్రతి ఒక్కరూ తమ వెనక వస్తున్న మనిషి పట్ల మర్యాదగానే ఉన్నారు. ఆ మర్యాదంతా కలిసి వినోదను గేటు బయట నిలబెట్టింది.

డిసెంబరు నెల సగం కాకముందే ఆమెకు రెండుసార్లు గేటు పడింది. రెండోసారి ప్యాకింగు సూపర్‌వైజరు జానకీదేవి బయటికి వచ్చింది. కోస్తా జిల్లా నుంచి వచ్చి, బ్యాంకు ఉద్యోగి అయిన భర్తతో మేడ్చల్ కొత్త కాలనీలో ఉంటున్న మనిషి ఆమె. మాట కటువు, మనసు అంత కటువు కాదు.

“ఏమ్మా వినోదా, సర్పంచివి నువ్వే, బండి పెట్టించిందీ నువ్వే, ఆలస్యం కూడా నీదేనా? ఇది రెండోది. జనవరిలో పర్మనెంట్ పేర్లు పంపిస్తున్నారు. ఈ నెల ఇంకోటి పడిందంటే నా చేతుల్లో ఏమీ ఉండదు. తర్వాత చెప్పలేదనకు.”

ఆ ఆదివారం వినోద గ్రామసభ పిలిచింది. ఏడున్నర లోపు విడిచి విడిచి మూడు హారన్లు కొట్టి, మూడోదానికి జీపు కదలాలి, ఎవరు కనబడుతున్నా ఆగకూడదు అని చెప్పింది. కంపెనీలకు పోయే ఆడవాళ్లు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్లు కాదనలేదు, అవుననీ అనలేదు. ఆడవాళ్లలోనూ ఆ నియమం తమ మీద ఒకనాడు పడుతుందని ఎంతమంది అనుకున్నారో చెప్పలేం. అందరికంటే ఎక్కువ భయపడినవాడు ధర్మేందర్. సభ ముగిశాక ఆమె వెంట ఇంటిదాకా నడిచాడు.

“ఊరోళ్లను ఇడిసిపెట్టి పోతే రేపు నా పెండ్లికి ఎవలస్తరు వదినా?”

“నేను పొమ్మన్న అని చెప్పు.”

“నీకేంది, నీ పెండ్లి అయిపాయె.”

మర్నాడు మూడో హారన్ మోగినప్పుడు సత్తయ్య హోటలు మెట్లు దిగుతున్నాడు. చేతిలో గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టి కర్ర ఎత్తాడు. ధర్మేందర్ అద్దంలో చూశాడు, పక్క సీటులో ఉన్న వినోద వైపు చూశాడు. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తూ, నడువమన్నది. జీపు కదిలింది.

ఆ సాయంత్రం సత్తయ్య వాళ్ల ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. వినోద అక్కడే ఉన్నా, సుక్కమ్మతోనే మాట్లాడాడు.

“సుక్కమ్మా, నీ కోడలు బండికి మంచిగనే నేర్పింది. పెద్దమనిషిని సూసి గూడ పోతాంది.”

సుక్కమ్మ తల మీద కొంగు సర్దుకుంది. “ఇంటి పెద్దను ఇడిసిపెట్టి పోయినంక అది ఎన్ని ఊర్లు దాటితే ఏంది బావా,” అన్నది.

సుక్కమ్మ ఆ తరువాత కోడలితో అవసరానికి మించి మాట్లాడలేదు. రాఘవేందర్ ఇద్దరి మధ్యా మాట్లాడకుండా తప్పించుకున్నాడు. పొద్దున చీకటితో పోయి రాత్రి వచ్చే మనిషికి అది కష్టం కాలేదు. సత్తయ్య మాత్రం ప్రతి ఉదయం ఏడు గంటలకే హోటలు ముందు బల్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆయన పక్కన మరో ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు చేరేవారు. వాళ్లు గొడవ పెట్టలేదు, జీపుకు అడ్డం పడలేదు. చాయ్ తాగుతూ చూసేవాళ్లు, అంతే. జీపు ఎవరి కోసం ఆగుతుందో చూడడానికి వాళ్లు కూర్చున్నారని ఊరికంతా తెలుసు. వినోదకు మరీ బాగా తెలుసు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ బల్ల తన వీపు మీద ఉన్నట్టే ఉండేదని ఆమె అన్నది. ఇంట్లో అత్త మౌనం, రచ్చకాడ పెద్దమనుషుల చూపు, అక్కడ కంపెనీ గేటు. ఈ మూడింటి మధ్య ఆమెకు తనదంటూ మిగిలింది జీపులో కూర్చునే ఆ కొద్ది సేపే.

డిసెంబరు చివరి వారంలో ఒక ఉదయం ఊరి బోరు మోటారు స్టార్టరు కాలిపోయింది. ట్యాంకు ముందురోజు రాత్రే ఖాళీ అయింది. తెల్లవారేసరికి బిందెలతో ఆడవాళ్లు సర్పంచ్ ఇంటి ముందు నిలబడ్డారు. పొద్దంతా ఊళ్లో ఉండని సర్పంచ్ కాబట్టి, ఉన్న ఆ కొంత సేపట్లోనే అన్నీ ఆమెకు చెప్పుకోవాలి. మోటారు విప్పడానికి వచ్చిన ఎలక్ట్రీషియను, సర్పంచ్ ఎదురుగా ఉంటేనే ముట్టుకుంటానన్నాడు. లోగడ ఏదో తీగ పోయిందని అతని మీద మాట పడింది. ఆమె బోరుకాడికి వెళ్లింది. వచ్చేవారం దాకా పక్క రైతు బోరు నీళ్లు ఇప్పించే మాట కూడా అక్కడే తేల్చవలసి వచ్చింది. ఆ రైతు రానన్నాడు, తరువాత వచ్చాడు, వచ్చి పాత గట్టు తగాదా ఎత్తాడు. మొదటి హారన్ ఆమెకు అక్కడే వినబడింది.

టిఫిన్ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. దాని కోసం పోకుండా ఆమె అడ్డదారిన నడిచింది. రెండో హారన్‌కు బడి గోడ దాటింది. మూడోది వినబడేసరికి గల్లీ చివరికి వచ్చింది. రచ్చ కళ్లెదుటే ఉంది. జీపు కదిలింది. వెనక సీటులో కూర్చున్న, వినోదతోపాటు అదే కంపెనీలో పనిచేసే దుర్గమ్మ అనే పడుచు ఆమెను చూసింది.

“ఆపు ధర్మేందరన్నా, అక్క వస్తాంది.”

జీపు నెమ్మదించింది. మొత్తం ఆగలేదు. ధర్మేందర్ తల బయటికి పెట్టి చూశాడు. హోటలు ముందు బల్ల మీద ఉన్నవాళ్లు గ్లాసులు కింద పెట్టారు. సత్తయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టి ముందుకు వంగాడు. వినోద పరుగెత్తితే ఆ కాస్త దూరం క్షణాల్లో దాటిపోయేది. ఆమె పరుగెత్తలేదు. చెయ్యి ఎత్తింది. ఆపమని ఎత్తిన చెయ్యి కాదు అది.

“పోనియ్,” అన్నది.

ధర్మేందర్‌కు వినబడలేదేమోనని ఇంకోసారి గట్టిగా అన్నది. జీపు పోయింది.

ఎందుకు అలా చేశావని నేను అడిగినప్పుడు ఆమె చాలాసేపు ఆలోచించలేదు. ఆ ప్రశ్న తనను తాను ఎన్నోసార్లు అడుక్కుని ఉంటుంది. “ఎందుకన్ననో నాకే ఎరుక లేదు. ఎక్కితే బతికిపోయేదాన్ని. అందరు నన్నే చూస్తున్నరు గద, చెయ్యి అట్ల లేసింది,” అన్నది. ఊరి మేలు కోసం అని ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే నేను రాసుకొని ఉండేదాన్ని, పూర్తిగా నమ్మి ఉండేదాన్ని కాదు. జీపు తన కోసం ఆగితే మర్నాటి నుంచి సత్తయ్య కోసం ఆగుతుంది, ఆ తరువాత టమాటా బుట్ట కోసం ఆగుతుంది. ఈ లెక్క ఆమెకు తెలియనిది కాదు. కానీ ఆ గల్లీ చివర నిలబడినప్పుడు ఆమె లెక్క వేసిందని నేను అనుకోను. ఎటు కదిలినా ఏదో ఒకటి పోయే చోట ఆమె చిక్కుకొని ఉంది. చెయ్యి ఒక వైపు లేచింది.

ఆమె సెవెన్ సీటర్ ఎక్కి కూర్చుంది. జీపు తీసుకుపోగా మిగిలినవాళ్లు తక్కువ కాబట్టి అది నిండడానికి ఇదివరకటికంటే ఎక్కువ సేపు పట్టింది. మేడ్చల్ చేరేసరికి గేటు మూసి ఉంది. వాచ్‌మన్ లోపలికి కబురు చేశాడు. జానకీదేవి గేటులోని చిన్న తలుపు తీసి నిలబడింది.

“నేను చూసేలోగానే నీ గేటు లెక్క పైకి వెళ్లిపోయిందమ్మా. మూడోది కదా, నిన్ను తీసేసేముందు నన్ను అడగను కూడా లేదు.”

వినోద బతిమాలలేదు. “జీపు టైముకు వచ్చిందా మేడం?” అని అడిగింది.

“వచ్చింది. మీ ఊరివాళ్లంతా లోపలే ఉన్నారు. నువ్వొక్కదానివే లేవు.” జానకీదేవి గొంతు తగ్గించి, “నెమ్మదించిన బండిని నువ్వే పొమ్మన్నావని దుర్గమ్మ చెప్పింది. మీ ధర్మేందర్‌ను అయితే తిట్టేదాన్ని గానీ, నిన్నేమనాలో తెలియట్లేదు నాకు,” అన్నది.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంటికి వచ్చినప్పుడు సుక్కమ్మ ముందు అన్నం పెట్టింది. తిన్నాక, ‘మందికి దారి చూపి నువ్వు గుంతల పడ్డవా పిల్లా,’ అన్నది. చాలారోజుల తరువాత ఆమె కోడలితో అన్న పొడుగు మాట అదే. రాఘవేందర్ రాత్రి విని, సర్పంచ్‌గిరి నీకు కూడు పెడుతుందా అని ఒక్కసారి అడిగాడు. జవాబు కోసం ఆగకుండా పడుకున్నాడు.

మర్నాడు సత్తయ్య మొదటి హారన్‌కే వచ్చి జీపులో కూర్చున్నాడు. బల్ల మీద కూర్చునే మిగతావాళ్లు తరువాత రావడం మానేశారు. అప్పటి నుంచి ఆ జీపు ఎవరికోసం ఆగిందని నేను ఎవరి నోటా వినలేదు. సంక్రాంతి వెళ్లేసరికి ఖాళీలు తగ్గాయి. వేసవికి ధర్మేందర్ రెండో ట్రిప్పు అడిగాడు, కార్యదర్శి ఆలోచిద్దామన్నాడు. చుట్టుపక్కల రెండు మూడు పంచాయతీల నుంచి మనుషులు వచ్చి ఇదెట్లా నడుస్తోందని అడిగితే, వినోద పంచాయతీ అరుగు మీద కూర్చొని ఓపికగా చెప్పేది. ఖాళీ సీట్ల సంగతి వాళ్లకు వెంటనే అర్థమయ్యేది. ఆగకుండా పోవడం సంగతి చెప్పినప్పుడు మాత్రం, అది మా ఊళ్లో కుదరదని తల అడ్డంగా ఊపేవారు.

చెప్పడానికి ఆమెకు ఇప్పుడు కావలసినంత సమయం ఉంది. ఉదయం జీపు వెళ్లిపోయాక ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పసిపిల్లలు, సర్పంచ్. ఇంటికాడనే ఉంటుంది కదా అని ప్రతివాళ్లూ ఆమె దగ్గరికే వచ్చేవారు. పింఛను, పైపు, కుక్క కరిచిన దూడ, కూలిన ప్రహరీ. కొడుకు ఆ చలికాలం కూడా గోడకు ఆనుకొనే గడిపాడు.

ఆగస్టులో జానకీదేవి దుర్గమ్మతో కబురు పంపింది. కంపెనీలో ఉదయం ఆరు గంటల షిఫ్టు కొత్తగా పెడుతున్నారు. అందులో చేరేవాళ్లకు పాత గేటు లెక్క పట్టించుకోరు, ఏడాది నిలిస్తే పర్మనెంట్. వారంలోగా వచ్చి కలవాలి. వినోద ఆ కబురు రెండుసార్లు చెప్పించుకుని వింది. సుంకరిగూడ నుంచి ఆరు గంటలలోగా మేడ్చల్ చేర్చే బండి ఏదీ లేదు. ఆ వేళకు ఆటోలవాళ్లు ఇంకా లేవరు. రాఘవేందర్ మోపెడ్ చీకటితోనే కదులుతుంది గానీ, అతని వెనక కూలీ ఉంటాడు.

ఆమె ధర్మేందర్‌ను అడిగింది. అతను తానెప్పుడైనా రెడీ అన్నాడు. ఖాళీ సీట్లకు ఎట్లాగూ పంచాయతీ ఇస్తుంది కదా అన్నాడు. అతను మంచి మనసుతోనే అన్నాడు గానీ, ఆ బండిలో ఆమె ఒక్కతే ఉంటుంది, తక్కినవన్నీ ఖాళీలే. సర్పంచ్ తన ప్రయాణానికి తానే తీర్మానం పెట్టి, తానే సంతకం చేయాలి. నలుగురైదుగురు ఉంటే ధైర్యంగా రాయవచ్చని కార్యదర్శి అన్నాడు. అందుకని ఆమె ఇల్లిల్లూ తిరిగింది. పొద్దున షిఫ్టుకు రమ్మని, మధ్యాహ్నానికే ఇంటికి రావచ్చని చెప్పింది. ఒకామెకు బర్రెలు పిండే వేళ అది. ఒకామె భర్త చీకట్లో పంపనన్నాడు. ఒకామె నవ్వి, పిల్లకు పాలు ఎవరిస్తారని అడిగింది. ఎవరూ విసుక్కోలేదు. ప్రతి ఇంట్లోనూ చాయ్ పోసి కూర్చోబెట్టారు.

చివరికి దుర్గమ్మ ఇంటికి వెళ్లింది. దుర్గమ్మ పనిలోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. విషయం తెలిసిందే కాబట్టి వినోద మళ్లీ మొదటి నుంచి చెప్పలేదు, వస్తావా అని మాత్రం అడిగింది.

దుర్గమ్మ తువ్వాలతో కాళ్లు తుడుచుకుంది. “తప్పుగ అనుకోకు అక్కా. నాకు ఏడున్నర బండి ఉన్నది గద, నువ్వు పెట్టించిందే. ఇగ చీకట్ల ఎందుకు లేస్త?”

“అవు. నువ్వెందుకు లేస్తవు.”

వినోద గడప మీదే కూర్చొని ఉంది. దుర్గమ్మ లోపలికి వెళ్లి, పొయ్యి ముట్టించి, మళ్లీ బయటికి వచ్చింది.

“మరి రేపు మేడంకు ఏమని చెప్పాలె?”

“బండి లేదని చెప్పు,” అన్నది వినోద.